వంకర మెడ లెన్సు వారి దివ్యసముఖమునకు

తిరుపతి, లీలామహల్ కూడలి దగ్గర మేడమీద గది నుంచి.

మహారాజశ్రీ వంకర మెడ లెన్సు వారికి, పెళ్ళి ఫోటోలు తీసి పొట్టపోసుకునే ఒక కెమెరా మనిషి నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. తమరు నా బీరువాలో, సిలికా జెల్ పొట్లాల నడుమ, బూజు పట్టకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం కాదు. తిరుచానూరు పెళ్ళి తాలూకు ఇరవై వేలు ఇంకా రాలేదు. రావు కూడా. ఎందుకు రావో తమకు తెలియనిది కాదు.

అసలు సంగతికి ముందు తమ వంశం గురించి నాలుగు మాటలు. తమరు చెన్నైలో పాత సరుకుగా దొరికారు, ఒంటి మీది అక్షరాలు అప్పటికే చెరిగిపోయాయి, కాబట్టి ఇంటిపేరు తెలియదు. పోలికను బట్టి, మెడ వంగే లెన్సులు చేసే లెన్స్‌బేబీ కంపెనీ వారికి ఎక్కడో చుట్టమై ఉంటారు. ఆ ఇంటి మూలపురుషుడు క్రెయిగ్ స్ట్రాంగ్ కూడా నాలాగా పెళ్ళి ఫోటోలు తీసినవాడే. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పాత గాజు బిగించి కెమెరాకు తగిలించాడు. 2004లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి ఆ గొట్టమే బజారు సరుకై బయలుదేరింది. చీపురుకు చుట్టమైన గొట్టానికి ఇంత టెక్కు ఎక్కడిదా అనుకునేవాడిని. తరువాత తెలిసింది, తమకు ఇంకా పెద్ద తాతగారు ఉన్నారని. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్వాల్ లెక్కలు కట్టి చేయించిన లెన్సుకూ ఇదే గుణం: నడుమ పదును, అంచుల్లో సుడి.

కారణం చిన్నదే. ఒంపు గాజు గీసే బొమ్మ గిన్నె అడుగులా ఒంపుగానే పడుతుంది. దాన్ని అందుకోవలసిన ఫిల్మో సెన్సరో మాత్రం పీటలా బల్లపరుపు. నడుమ ఆనితే అంచులు ఆనవు. బుద్ధిమంతులైన లెన్సులు పది పదిహేను గాజులు పేర్చుకుని ఆ ఒంపును సరిచేసుకుంటాయి. తమరు ఒకటి రెండు గాజులతో సరిపెట్టుకుని, ఆ లోపానికే కళ అని పేరు పెట్టుకున్నారు. ఈ ఉపాయం తెలిసి ఉంటే పదో తరగతిలో నా లెక్కల మార్కులను కూడా కళ కిందే చూపించేవాడిని.

తమతో పని చేయడం మొండి పిల్లవాడికి అన్నం తినిపించడం లాంటిది. రెండు చేతుల వేళ్ళతో మెడ చుట్టూ పట్టుకోవాలి. నొక్కితే ఫోకస్ వెనక్కీ ముందుకీ జరుగుతుంది. వంచితే పదునుగా ఉండే ఆ ఒక్క చోటు ఎడమకో కుడికో పైకో పోతుంది. ఊపిరి బిగబట్టి నొక్కేలోపు తమరు మళ్ళీ మెడ తిప్పేస్తారు. వెలుతురు తగ్గించాలంటే రింగు లేదు. చిల్లు ఉన్న నల్ల బిళ్ళలు మార్చుకోవాలి, వాటిని అయస్కాంతం పట్టి ఉంచుతుంది. కిందటి ఏడాది ఒక బిళ్ళ తలంబ్రాల పళ్ళెంలో పడితే, పెళ్ళికొడుకు దాన్ని కూడా దోసిట్లో తీసుకుని పెళ్ళికూతురి నెత్తిన పోశాడు. కెమెరా అయితే తమను లెన్సుగానే గుర్తించదు. వెలుతురు వచ్చే చిల్లు కొలత చెప్పే ఎఫ్ అంకె ఉండవలసిన చోట సున్నాలు చూపిస్తుంది. యంత్రానికి తెలిసిన మాట నాకు తెలియడానికి మూడేళ్ళు పట్టింది.

తమ మంచి కూడా చెప్పకపోతే కళ్ళు పోతాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు తీసుకువెళ్ళాను. భక్తులు రోజుకో వేషం కట్టే ఆ జాతరలో అది తోటి వేషం రోజు. ఒంటినిండా బొగ్గు పూసుకుని వేపాకు పట్టుకున్న కుర్రాడు ఒకడు డప్పుల మధ్య నుంచి నా వైపు తిరిగాడు. ఆ నల్లటి ముఖంలో తెల్లటి రెండు కళ్ళు మాత్రమే తమరు పట్టుకున్నారు. వెనక వీధి, జనం, కరెంటు తీగలు, సెల్ ఫోన్ దుకాణం బోర్డు, అన్నీ పొగలో కలిసిపోయాయి. నార్వేలో హెవీ మెటల్ సంగీతం వాయించే కుర్రాళ్ళు ముఖానికి తెలుపూ నలుపూ పూసుకుని వేదిక ఎక్కితే లోకం నోరు తెరిచి చూసింది. మా ఊళ్ళో గంగమ్మకు మొక్కుకున్న గుమాస్తా కూడా అంతకంటే బాగా పూసుకుంటాడు, పైగా మరునాడు ఆఫీసుకు వెళతాడు. ఆ ఫోటో చూసుకున్న రోజునే నేను తమకు బానిసనయ్యాను.

తప్పంతా తమ మీద వేయను. నాకూ ఒక జబ్బుంది. హెవీ మెటల్. అదైనా పూర్తిగా కాదు; అందులో డ్రమ్ములు మాత్రమే. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. ఒక రోజు మా ఆవిడ అడిగింది, "ఇంతకీ ఆ మహానుభావుడు ఏమని అరుస్తున్నాడండీ?" అని. ఆలోచించాను. తెలియదు. గిటార్ వాయించేది ఎవరని అడిగింది. తడుముకున్నాను. డ్రమ్ముల మనిషి మడమ ఆన్చి పెడల్ కొడతాడా, ఎత్తి కొడతాడా అని అడిగి ఉంటే అరగంట చెప్పేవాడిని. అది అడగలేదు.

నిమిషానికి 200 బీట్ల వేగంలో ఒక్కో బీటుకు నాలుగు దెబ్బలంటే సెకనుకు పదమూడు పైమాటే. అదీ కాళ్ళతో. కొందరు రెండు పెద్ద డ్రమ్ములు పెట్టుకుంటారు, కొందరు ఒకదానికే రెండు పెడళ్ళు తగిలిస్తారు. హవానాలో పుట్టిన డేవ్ లొంబార్డో స్లేయర్ బృందంలో చేసిన ఆ కాళ్ళ పని విన్న ఊపులో, అలిపిరి నుంచి 3,550 మెట్లూ అదే లయలో ఎక్కాలని బయలుదేరాను. మోకాళ్ళ పర్వతం దగ్గర లయ తప్పింది, ఊపిరి కూడా. ఐరన్ మెయిడెన్ బృందానికి నాలుగు దశాబ్దాలు వాయించిన నికో మెక్‌బ్రెయిన్ పద్ధతి వేరు: ఒక్కటే పెడల్, చెప్పు లేని కాలు. కొండకు చెప్పుల్లేకుండా నడిచే ఊరివాళ్ళకు ఆయన మీద గౌరవం కలగడంలో వింత లేదు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు మెటాలికా బృందం వస్తే బస్సెక్కి వెళ్ళాను. వాళ్ళ డ్రమ్ముల మనిషి లార్స్ ఉల్రిచ్ కాళ్ళు చూడాలని. ముందున్నవాళ్ళ జుట్టు చూసి వచ్చాను.

మా అభిమానుల్లో మరో తగవుంది. డ్రమ్ముకు ట్రిగ్గర్ అనే చిన్న పరికరం తగిలిస్తే ప్రతి దెబ్బకూ ముందే రికార్డు చేసిన శబ్దం పలుకుతుంది, మెల్లగా తాకినా గట్టిగా తాకినా ఒకేలా. అది విద్యా, మోసమా అన్నది ప్రశ్న. వైష్ణవుల్లో నామం ఆకారం మీద తగవంత పాతది కాదు కానీ వేడిలో దానికేమీ తీసిపోదు. ఇద్దరు మిత్రులు నాతో మాట్లాడటం మానేశారు. ముగ్గురం కలిసి ఒక్క పాట కూడా చివరిదాకా విన్న జ్ఞాపకం లేదు, ఎప్పుడూ ఆ పెద్ద డ్రమ్ము మాత్రమే వినేవాళ్ళం.

ఇలాంటి చెవులు ఉన్నవాడి చేతికి తమలాంటి కన్ను దొరికింది. ఇక తిరుచానూరు.

తెల్లవారుజామున నాలుగున్నర ముహూర్తం. నా తమ్ముడు వరసవాడు, మామూలు లెన్సు ఉన్న రెండో కెమెరాతో ఉండవలసినవాడు, ఇడ్లీ తినడానికి వెళ్ళాడు. వెళ్ళమన్నది నేనే. జీలకర్ర బెల్లం దాకా బాగానే నడిచింది. పెళ్ళికొడుకు సూత్రాలు చేతిలోకి తీసుకున్నాడు. పురోహితులు వేలెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అన్నారు.

మెటల్‌లో బ్లాస్ట్ బీట్ అని ఒకటుంది. కాలి డ్రమ్ము, చేతి డ్రమ్ము, తాళం పళ్ళెం, మూడూ సందు లేకుండా ఏకధారగా కురుస్తాయి. దాన్ని 1980లలో కనిపెట్టామని ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ పోట్లాడుకుంటారు. వాళ్ళెవరూ మన పెళ్ళికి వచ్చినట్టు లేరు. ఎవరైనా తుమ్మినా, అపశకునం మాట అన్నా వధూవరుల చెవిన పడకూడదని మనవాళ్ళు ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. డోలు పెద్దాయన ఎడమచేతి పుల్ల, కుడిచేతి వేళ్ళకు గట్టి తొడుగులు, ఆ తొడుగులు తోలు మీద వడగళ్ళలా పడుతున్నాయి. నా తల దానంతట అదే తిరిగింది. నా తలతో పాటు కెమెరా. కెమెరాతో పాటు తమ మెడ.

నలభై సెకన్లలో 63 ఫోటోలు తీశాను. చేతులు వణకలేదు. ఒక్కటీ తప్పిపోలేదు. ప్రతిదానిలోనూ డోలు ఆయన వేలి తొడుగు, దాని మీది పగులు, ఆ పగుల్లో ఇరుక్కున్న విభూతి, అన్నీ లెక్కపెట్టేలా ఉన్నాయి. వెనక ఎర్రటి పొగ ఒకటి, పసుపు పచ్చటి పొగ ఒకటి, వాటి మధ్య బంగారు రంగు గీత.

పెళ్ళికూతురి తండ్రి ల్యాప్‌టాప్ ముందు చాలాసేపు కూర్చున్నారు. మంచి మనిషి, గొంతు పెంచలేదు. "బాబూ, ఇందులో తాళి కట్టింది మా అల్లుడేనని నువ్వు రాసిస్తావా?" అన్నారు. పెళ్ళికూతురి మేనత్త మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఈ పొగ ఎవరింటి తరఫు?" అని అడిగింది. వీడియో తీసినవాడి దయవల్ల పెళ్ళి జరిగినట్టు రుజువైంది.

కనీసం ఆ డోలు పెద్దాయనకైనా ఆనందం కలుగుతుందని, ఒక ఫోటో పెద్ద సైజులో ప్రింట్ వేయించి, ఫ్రేము కట్టించి ఇంటికి తీసుకువెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూశారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. తరువాత ఉంగరపు వేలి తొడుగును చూపించారు. అంచు దగ్గర లేచి ఉంది, నూలుపోగంత సందు.

"ఇది ఊడుతోందయ్యా. అందుకే ఆ రోజు అక్కడ రెండు దెబ్బలు పొల్లు పోయాయి. మా నాగస్వరం ఆయన కూడా కనిపెట్టలేదు. దీన్ని ఎవరికీ చూపించవద్దు."

ఫ్రేము గోడవైపు తిప్పి పెట్టారు. కాఫీ ఇచ్చారు. నేను తాగి వచ్చాను.

కాబట్టి తమరు ఇకమీదట బీరువాలోనే ఉండవలసిందిగా కోరుతున్నాను. శుక్రవారం శ్రీకాళహస్తిలో పెళ్ళి ఉంది, దానికి మామూలు లెన్సులే వస్తాయి. తమ్ముడు వరసవాడు ఇంట్లోనే ఇడ్లీ తిని బయలుదేరతాడు. పెళ్ళివారికి మాట ఇచ్చాను, మా ఆవిడ మీద ఒట్టు కూడా వేశాను.

అన్నట్టు, అక్కడా మేళం ఈ పెద్దాయనదేనట. కొత్త తొడుగులు చేయించుకున్నానని ఫోన్ చేసి మరీ చెప్పారు. బ్యాగు పక్క జేబులో ఫ్లాష్ బ్యాటరీలు తీసేస్తే కాస్త చోటు మిగులుతుంది.

ఇట్లు,
తమ వల్ల నష్టపోయిన,
ఒక కెమెరా మనిషి