హవానా స్టూడియోకి వెళ్తే రేషన్ గురించి కాదు, బొమ్మ గురించి అడగండి

క్యూబా వెళ్లొచ్చినవాళ్ల ఫొటోలు చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. పింక్ రంగు పాత షెవర్లే కారు, పెచ్చులూడిన గోడ, చుట్ట కాలుస్తున్న పెద్దావిడ, ఆఖర్లో ఎవరో పెయింటర్ భుజం మీద చెయ్యేసి "చేతిలో ఏమీ లేకపోయినా ఎంత గొప్ప కళో!" అని ఒక క్యాప్షన్.

ఏమీ లేకపోవడమేంటండీ? ఆ మనిషికి చదువుంది. క్యూబా రాజధాని హవానాలో శాన్ అలెహాంద్రో ఆర్ట్ స్కూల్ మొదలైంది 1818లో. 1959లో కాస్ట్రో విప్లవం తర్వాత చిన్న వయసులోనే పిల్లల్ని ఎంచుకుని, ఏళ్ల తరబడి ఫీజు లేకుండా బొమ్మలూ శిల్పమూ ప్రింటూ నేర్పించారు. అలా తయారైన చేతిని పట్టుకుని పేదరికమే ఆ బొమ్మ వేయించిందంటే, అతని కష్టాన్నీ అతనికి నేర్పిన మేష్టర్లనీ ఒకే దెబ్బకి కొట్టిపారేసినట్టు.

మా గ్రూపుని ఒక ప్రింట్ ఆర్టిస్ట్ ఇంటికి, అంటే అచ్చు మీద బొమ్మ చేసి కాగితం మీద నొక్కి తీసే ఆవిడ ఇంటికి, తీసుకెళ్లారు. ముందు గదే ఆవిడ స్టూడియో. టేబుల్ మీద అప్పుడే ప్రెస్ నుంచి తీసిన ప్రింట్ ఉంది, ఇంక్ ఇంకా తడిగానే ఉంది. మావాళ్లు అడిగినవేమో, రేషన్‌లో బ్రెడ్ ఎంతిస్తారు, కరెంట్ ఎన్ని గంటలు పోతుంది, అమెరికా వెళ్లిపోవాలని లేదా అని. ఆవిడ ఓపిగ్గా అన్నింటికీ జవాబు చెప్పింది. తన ముందే ఉన్న ప్రింట్ గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. పోయేముందు ఒకాయన "సగానికి ఇస్తావా" అన్నాడు. అదే ఆయన మయామీ గ్యాలరీలో అయితే ట్యాగ్ మీద ధర చూసి నోరెత్తడు.

కొరత అబద్ధమని నేననడం లేదు. కాగితం, ఇంక్ దొరక్క విదేశాల్లో ఉన్న స్నేహితుల చేత తెప్పించుకునేవాళ్లున్నారు. కానీ కొరత చేసే పని ఏమిటో చూడాలంటే నగరానికి పడమరన ఉన్న జాతీయ ఆర్ట్ స్కూళ్లకి వెళ్లాలి. డబ్బున్నవాళ్ల కంట్రీ క్లబ్ గోల్ఫ్ మైదానంలో 1961లో కట్టడం మొదలుపెట్టారు. సిమెంటు, ఉక్కు కష్టమైపోయాయి కాబట్టి రికార్దో పోర్రో, గారత్తి, గొత్తార్ది అనే ముగ్గురు ఆర్కిటెక్టులు ఇటుకలతో, స్పెయిన్‌లోని కాటలోనియా పద్ధతిలో పలకలు పేర్చి గుమ్మటాలు లేపారు. అంత అందమైన కాలేజీ నేను ఇంకెక్కడా చూడలేదు. అదే కొరత, దానికి తోడు మారిన రాజకీయాలు, 1965లో ఆ పని ఆపించేశాయి. గారత్తి కట్టిన బ్యాలే స్కూల్ పూర్తి కాకుండానే శిథిలమైంది. ఆ గుమ్మటాలు లేపింది కొరత కాదు, ఇటుకతో ఏం చేయొచ్చో తెలిసిన బుర్రలు.

క్యూబా ప్రింట్ ఆర్టిస్ట్ బెల్కిస్ అయోన్ సంగతి అయితే మరీ. 1967లో పుట్టి, 1999లో 32 ఏళ్లకే చనిపోయింది. అట్టని కత్తిరించి, అతికించి, దాని మీద ఇంక్ పట్టించి ప్రెస్‌లో నొక్కి తీసిన ప్రింట్లు ఆవిడవి. చాలామటుకు నలుపు, తెలుపు, మధ్యలో లెక్కలేనన్ని బూడిద రంగులు. కొన్ని ఎంత పెద్దవంటే, చాలా షీట్లు పక్కపక్కన చేర్చితే గానీ బొమ్మ పూర్తి కాదు. మనుషులకి కళ్లుంటాయి, నోరుండదు. క్యూబాలో అబాక్వా అని మగవాళ్లకి మాత్రమే ప్రవేశమున్న రహస్య సంఘం ఒకటుంది. దాని కథలో సికాన్ అనే అమ్మాయికి పవిత్రమైన చేప దొరుకుతుంది, ఆ రహస్యం కోసం ఆమెను చంపేస్తారు. బెల్కిస్ ఆ సికాన్‌నే మళ్లీ మళ్లీ గీసింది. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కొక్కరి చర్మం మీదా ఒక్కో అల్లిక, పొలుసుల్లా. ఇంత చేస్తే "పాపం ఏమీ దొరక్క అట్టముక్కలతో చేసింది" అంటారు! సోవియట్ సాయం ఆగిపోయి కరువు రాకముందే, చదువుకునే రోజుల్లోనే ఆవిడ ఆ పద్ధతి పట్టుకుంది. కావాలని ఎంచుకుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. చదువు చెప్పించిన ఆ ప్రభుత్వమే 2018లో 349వ డిక్రీ అనే ఉత్తర్వు తెచ్చి, అనుమతి లేకుండా కళాకారులు జనం ముందుకి రాకుండా కట్టడి చేయాలని చూసింది. దాన్ని ఎదిరించినవాళ్లలో లూయిస్ మాన్యుయెల్ ఒతెరో అల్కాంతరా ఒకరు, ఏ కాలేజీకీ వెళ్లకుండా సొంతంగా నేర్చుకున్నవాడు. 2021 జూలైలో అరెస్టు చేసి, మరుసటేడు ఐదేళ్ల జైలు శిక్ష వేశారు. అందుకే గైడ్ పక్కనుండగా ఆర్టిస్టుని పట్టుకుని "మీ ప్రభుత్వం గురించి మీ అభిప్రాయం?" అని అడక్కండి. మీరు ఫ్లైట్ ఎక్కి వెళ్లిపోతారు, ఆ జవాబుతో అక్కడ బతకాల్సింది వాళ్లు.

వెళ్లేవాళ్లుంటే ముందు జాతీయ మ్యూజియం, బెల్లాస్ ఆర్తెస్ అంటారు, అందులో క్యూబా కళ ఉన్న భవనానికి వెళ్లండి. రెండు భవనాలుంటాయి, పొరపాటున ఇంకోదానికి పోతే యూరప్ పెయింటింగులు చూసి వచ్చేస్తారు. క్యూబా పెయింటర్ విఫ్రెదో లామ్ బొమ్మల ముందు కాసేపు నిలబడండి. ఆ తర్వాత కతీద్రల్ చౌక్ పక్క సందులో 1962 నుంచి నడుస్తున్న గ్రాఫిక్ వర్క్‌షాప్. ఒకప్పుడు చుట్టల పెట్టెల లేబుళ్లు అచ్చేసిన రాళ్ల మీదే అక్కడ లిథోగ్రాఫులు తీస్తారు. జిడ్డు క్రేయాన్‌తో రాయి మీద గీసి, తడిపి, ఇంక్ రోలర్ దొర్లిస్తే గీత ఉన్నచోటే ఇంక్ పట్టుకుంటుంది. ప్రింట్లు తీశాక రాయిని అరగదీసి ఇంకొకరు వాడుకుంటారు. అది కళ్లారా చూశాక ఏ స్టూడియోకి వెళ్లినా అడగడానికి మీ దగ్గర సరైన ప్రశ్నలుంటాయి, చెప్పిన ధర ఎందుకంతో కూడా తెలుస్తుంది. టూర్ ప్లాన్‌లో స్టూడియోకి ఇరవై నిమిషాలే రాసి ఉంటే బుక్ చేసే ముందే మాట్లాడి రెండు గంటలు చేయించుకోండి. టైమ్ లేదంటే రమ్ మ్యూజియం తీసేయమనండి.