ఎద్దుకు బుద్ధి లేదు, పందికి ఉరి తప్పదు

పదమూడో శతాబ్దపు క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ చదువుకునే రోజుల్లో నోరు విప్పేవాడు కాదు, మనిషి కూడా భారీ. తోటి విద్యార్థులు ‘మూగ ఎద్దు’ అని పేరు పెట్టారట. గురువు ఆల్బర్ట్ మాత్రం, ఈ ఎద్దు రంకె లోకమంతా వినబడుతుంది చూడండి అన్నాడని చెబుతారు. వినబడింది కూడా. ఆ రంకె వల్ల అసలు ఎద్దులకు ఒరిగిందేమిటంటే, అది వేరే సంగతి.

తన మతశాస్త్ర గ్రంథం ‘సుమ్మా థియాలజికా’లో ఆయన లెక్క తేల్చేశాడు. మొక్కలు జంతువుల కోసం, జంతువులు మనిషి కోసం. పక్కవాడి ఎద్దును చంపితే పాపమే, కానీ హత్య కాదు. పరుల సొత్తు పాడుచేశావు కాబట్టి దొంగతనం ఖాతాలో రాసుకోవాలి. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటాం మనం. ఇక్కడ ఎద్దు చావుతో ఎద్దుకే సంబంధం లేదు, అది పూర్తిగా యజమాని సొంత విషయం! ఇంత స్పష్టత మన భూమి రికార్డుల్లో కూడా కనబడదు.

మరి మూగజీవాలను హింసించొద్దని ఎందుకన్నారు? చెయ్యి అలవాటు పడితే రేపు మనుషుల మీదికి లేస్తుందని. కుక్కను కొట్టకపోవడం పక్కింటాయన క్షేమం కోసమన్నమాట.

కుక్క అంటే గుర్తొచ్చింది. జింకను తరుముతున్న వేటకుక్క మూడు దారుల కూడలికి వస్తుంది. రెండు దారులు వాసన చూసి, జింక అటు పోలేదని తేలగానే, మూడోదాన్ని వాసన కూడా చూడకుండా దూసుకుపోతుంది. ఇది తర్కం కాదా అని అక్వినాసే ప్రశ్న వేసుకున్నాడు, మెచ్చుకోవాలి. కాదు, గడియారం నడిస్తే తెలివి గడియారానిదా, చేసినవాడిదా అని ఆయనే జవాబిచ్చుకున్నాడు. అదే పని మన పిల్లాడు చేస్తే ఒలింపియాడ్ కోచింగ్‌లో చేర్పిస్తాం.

బుద్ధిలేని జీవాలను తిట్టి శపించడం ఉత్త దండగ అని కూడా రాశాడాయన. ఫ్రాన్స్ కోర్టులకు ఆ పేజీ అందలేదు కాబోలు. 1386లో ఫలేజ్‌లో పసిబిడ్డను చంపిన ఆడపందిని ఉరితీశారు. 1457లో బర్గండీలోని సావిన్యీలో ఐదేళ్ల పిల్లాడి హత్య కేసులో ఇంకో ఆడపంది, దాని ఆరు పిల్లలు బోనెక్కాయి. సాక్షులు, వాదనలు, తీర్పు, అన్నీ పద్ధతి ప్రకారమే. తల్లిని వెనక కాళ్లకు తాడు కట్టి చెట్టుకు వేలాడదీయమన్నారు. పిల్లల ఒంటి మీద రక్తం ఉంది గానీ, తిన్నట్టు రుజువు లేదు. వాటి సత్ప్రవర్తనకు పూచీ ఇమ్మని యజమానిని అడిగితే, ఆ టెన్షన్ మనకెందుకని కాబోలు, ఇవ్వనన్నాడు.

దాంతో ఆ ఆరూ ఊరి దొరసాని పరమయ్యాయి. ముద్దాయిలుగా బోనెక్కినవి ఆస్తిగా దిగాయి.