వెయ్యో ప్లే గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వెయ్యో ప్లే గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం. మ్యూజిక్ యాప్‌లో పెట్టిన నా పాట సంగతే బాలేదు.

నిన్న పొద్దున్నకి 991 ప్లేలు, అంటే 991 సార్లు విన్నారు. మధ్యాహ్నం మా బావా, అక్కా చెరోసారి విని 993 చేశారు. ఇంకేముంది, రేపో మాపో తమరి రాక ఖాయమని సాయంత్రం పావుకిలో కాజాలు తెచ్చిపెట్టాను. ఇవాళ లేచి చూస్తే 914. నిన్నటితో పాటకి ఏడాది నిండిందట. విడుదల రోజు మావాళ్ళు మొహమాటానికి విన్న 79 ప్లేలూ 12 నెలల లెక్కలోంచి రాలిపోయాయి. కుండకి చిల్లు ఉందని తెలియక ఏడాదిగా నీళ్ళు మోస్తున్నానన్నమాట.

గడిచిన 12 నెలల్లో వెయ్యి ప్లేలు లేని పాటకి పైసా కూడా ఇవ్వబోమని ఆ యాప్ వాళ్ళు 2024లో పెట్టిన రూలు తమరికి తెలియనిది కాదు. ఆ రూలు పుట్టిందే తమరి పేరు మీద. సరే, చిన్న మొత్తాలు, లెక్కలు కట్టడం దండగ అనుకున్నారు, పోనివ్వండి. మరి ఆ చిన్న మొత్తాలు ఎక్కడికి పోతున్నాయి? వెయ్యి దాటిన పాటల వాటాలో కలుస్తున్నాయి! పెళ్ళికి పిలిచి, ఆకేసి, నీళ్ళు చల్లించి, "మీ బంతి నిండలేదండీ, మీ అన్నం పై బంతిలో వడ్డించేశాం" అన్నట్టుంది. పై బంతిలో కూర్చున్నది ఎవరు? ఇప్పటికే మూడుసార్లు మారు వడ్డించుకున్నవాళ్ళు. తమరొచ్చినా నాకు దక్కేది ఫుల్ ప్లేట్ బిర్యానీకి చాలదని తెలుసు. అయినా అది నాది కదా? 914 సార్లు విన్నారయ్యా! అందులో ఒక్కటీ ప్లే కాదా? నువ్వొక్కడివే ప్లేవా?

క్షమించాలి. నోరు జారింది.

తమరి కోసం చెయ్యని ప్రయత్నం లేదు. మా పిన్ని జాలిపడి మూడు ఫోన్లలో పాట పెట్టి రాత్రంతా తిప్పింది. పొద్దున్నే, పాటని యాప్‌లోకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్ నుంచి మెయిల్: "మీ పాటకి కృత్రిమ శ్రోతలు ఉన్నట్టు అనుమానం." పిన్నికి ఎలా చెప్పను? అదే ఇన్‌స్టాలో ఒకడు మూడు వేలకి పదివేల ప్లేలు గ్యారంటీ అంటాడు, వాడి దగ్గరున్నవాళ్ళు మాత్రం కృత్రిమం కాదు కాబోలు. పాడతానని వెళ్తే కేఫ్ ఓనరేమో "పేమెంట్ లేదు బ్రో, ఎక్స్‌పోజర్ వస్తుంది" అన్నాడు. వచ్చింది. ఏసీ చెడిపోయిన హాల్లో పదకొండుమందికి. పాట రాసినవాళ్ళూ, బాణీ కట్టినవాళ్ళూ తమ రాయల్టీ వాటాని వదులుకోవడానికి వీల్లేదని 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. మంచి మాటే. నేను వదులుకోను గాక వదులుకోను. ముందు అదెక్కడుందో ఎవరైనా చూపిస్తే.

అన్నిటికన్నా నా గుండెలో ముల్లులా ఉండిపోయింది జముకు, మా ఉత్తరాంధ్ర జానపద తీగ వాయిద్యం. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయనని రప్పించి రికార్డు చేశాను. పాట మొదట్లో 40 సెకన్లు ఆయన తీగ మీద వేలు ఆడిస్తుంటే గది గదంతా మోగింది. కానీ 30 సెకన్లు దాటి వింటేనే ప్లే కింద లెక్క. జనం 12 సెకన్లకే పక్క పాటకి వెళ్ళిపోతున్నారని గ్రాఫ్ చెప్పింది. తమరికి అడ్డం రాకూడదని ఆయన 40 సెకన్లని కోసి ఆరు చేశాను. నా చేతులతో నేనే. ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.

రిపోర్టులో కువైట్ అని ఒక వరుస ఉంటుంది. ఒకే శ్రోత, 62 ప్లేలు. ఎవరో అని తెగ ఆలోచించేవాణ్ణి. రాత్రి ఆ శ్రోత నుంచే మెసేజ్ వచ్చింది. "అన్నా, రీల్‌లో జముకు చాలాసేపుంది, పాటలో ఏదీ? మాది పార్వతీపురం. ఆ మొత్తం పాట అమ్ముతావా?" ఎంతని చెప్పాలో తోచలేదు. నీ ఇష్టం అన్నాను. పొద్దున్న వాళ్ళ తమ్ముడి నంబర్ నుంచి ఫోన్‌పేలో 200 రూపాయలు పడ్డాయి. ఏడాదిలో ఈ పాట సంపాదన అదే.

కాబట్టి తమరు తొందరపడనక్కర్లేదు. వస్తే కాదనను, కాజాలు ఇంకా ఉన్నాయి. ప్రస్తుతం 40 సెకన్లూ ఉన్న ఫైల్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను. 47 ఎంబీ. మా నెట్‌కి ఇంకో పావుగంట పట్టేట్టుంది.

ఉంటాను.