ఎఫ్రాయిము తల్లి ఎవరు?

మణిపూర్, మిజోరం రాష్ట్రాల్లో, ఇశ్రాయేలు పోయిన గోత్రాల్లో ఒకటైన మనష్షే సంతతి తామేనని చెప్పుకునే బ్నే మెనాషే సమూహంలో ఇంకా ఇక్కడే మిగిలి ఉన్న దాదాపు 5,800 మందిని 2030 నాటికి దశలవారీగా తీసుకువెళతామని ఇజ్రాయెల్ ప్రభుత్వం 2025 నవంబరులో నిర్ణయించింది. ఆ వార్త మీద మనవాళ్లు రాసిన వ్యాఖ్యలు చదువుతుంటే ఒకే ఎకసెక్కం పదేపదే కనిపించింది: "మన గుంటూరు జిల్లాలోనూ యూదులున్నారట, వాళ్లదీ విమానం టికెట్టు కోసం పడే తాపత్రయమే కదా!" నేను యూదుణ్ణి కాను, వారి తరఫున మాట్లాడే అధికారమూ నాకు లేదు. కానీ యూదుడంటే ఎవరన్న, యూదు ప్రపంచం డెబ్బై ఏళ్లకు పైగా తేల్చుకోలేకపోతున్న ఒక ప్రశ్నను మనం ఇంత సులువుగా వెక్కిరింతలో తేల్చెయ్యడం నాకు నచ్చలేదు, అందుకే ఈ సుదీర్ఘమైన పోస్టు.

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో చేబ్రోలు ఉంది, దాన్ని ఆనుకుని కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని పదుల తెలుగు కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిం, అంటే బైబిల్లోని యోసేపు కొడుకు ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకుంటాయి. కులరీత్యా వారు మాదిగలు, అంతకుముందు తరాల్లో బాప్టిస్టు క్రైస్తవులు. 1980ల నుంచి వారు యూదు ఆచారాలను పాటించడం మొదలుపెట్టి, 1990ల తొలినాళ్లలో తమకంటూ ఒక సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) ఏర్పరచుకున్నారు. శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తారు, పస్కా పండుగ చేసుకుంటారు, హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. క్రీస్తుపూర్వం 722 ప్రాంతంలో అస్సీరియన్లు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాన్ని కూల్చి అక్కడి గోత్రాలను చెరపట్టుకుపోయినప్పుడు చెదిరినవారిలో తమ పూర్వీకులున్నారనీ, పశుమాంసం తినడం, చనిపోయినవారిని దహనం చేయకుండా పూడ్చిపెట్టడం వంటి తమ పాత అలవాట్లు ఆ మూలానికి గుర్తులనీ వారి వాదన.

నా అభిప్రాయం దాచుకోవడం ఎందుకు? ఆ వంశకథను చరిత్రగా నేను అంగీకరించను, ఆ అలవాట్లు ఈ దేశంలో ఎన్నో కులాలకు ఉన్నాయి. అయితే ఆ కథ చరిత్ర కాకపోతే వారి యూదుత్వమే బూటకమవుతుందన్న నిర్ణయానికి మాత్రం నేను రాలేను. ఆ రెండు విషయాలనూ ఒకే ముడి వేసింది కొత్తరెడ్డిపాలెం వాళ్లు కాదు.

ముందు ఉద్దేశాల సంగతి చూద్దాం. కోస్తా జిల్లాల మాదిగలు ఈ నింద వినడం ఇది మొదటిసారి కాదు. 1876-78 నాటి పెద్ద కరువు కాలంలో ఒంగోలు బాప్టిస్టు మిషనులో జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం పని తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. గంజి కోసం మతం మారారన్న మాట పడకూడదని ఆ కాలమంతా ఆయన బాప్తిస్మాలు ఆపివేశాడు, మళ్లీ ప్రారంభించాక 1878 జూలైలో ఒకే రోజున 2,222 మంది తీసుకున్నారు. ఆయన అంత జాగ్రత్తపడినా గంజి క్రైస్తవులన్న పేరు పోలేదు. పేదవాడు దేవుణ్ణి మార్చుకుంటే అతని కడుపు వైపు చూసే అలవాటు మనకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పైకులాల వ్యక్తి బౌద్ధం మీదనో సూఫీ మార్గం మీదనో మనసు పారేసుకుంటే దాన్ని అన్వేషణ అని గౌరవంగా పిలుస్తాం.

ఇజ్రాయెల్ చరిత్రే ఈ విషయంలో మంచి సాక్ష్యం. 1989 తరువాతి పదిహేనేళ్లలో పూర్వపు సోవియట్ దేశాల నుంచి తొమ్మిది, పది లక్షల మంది అక్కడికి వెళ్లారు. కూలిపోతున్న ఆర్థిక వ్యవస్థ నుంచి బయటపడాలన్న కోరిక వారిలో ఎంతోమందికి ఉండే ఉంటుంది, అది తప్పని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. వారిలో లక్షలమంది యూదు మతశాస్త్రమైన హలాఖా ప్రకారం యూదులే కారు, తాతో అమ్మమ్మో యూదు కావడం వల్ల చట్టం వారిని రానిచ్చింది. విశ్రాంతి దినమంటే తెలియని మాస్కో ఇంజనీరును అడగని ప్రశ్నను ప్రతి శనివారం పని మానుకునే తెలుగు కూలీని ఎందుకు అడుగుతున్నాం?

ఈ చిక్కు అర్థం కావాలంటే ఇజ్రాయెల్‌లో రెండు తలుపులున్నాయని తెలియాలి. ఒకటి రాజ్యం తలుపు: యూదులకు ఆ దేశానికి వచ్చి స్థిరపడే హక్కునిచ్చే 1950 నాటి తిరిగివచ్చే హక్కు చట్టం. రెండోది మతం తలుపు: వివాహాలు, విడాకులు 1953 నుంచి చట్టరీత్యా రబ్బీల (యూదు మతగురువుల) న్యాయస్థానాల చేతిలో ఉన్నాయి. మొదటి తలుపు దాటినవారికి రెండోది తెరుచుకుంటుందన్న హామీ లేదు. పౌరుడై, సైన్యంలో పనిచేసి, పన్నులు కట్టే యువకుడు, తన తల్లి యూదు కానందువల్ల తన దేశంలో యూదు అమ్మాయిని పెళ్లాడలేక సైప్రస్ వెళ్లి తాళిబొట్టు కట్టి వస్తాడు (తాళిబొట్టు మన మాటలెండి, వాళ్లకు ఉంగరం).

మొదటి తలుపు దగ్గరా తగాదాలు తక్కువ కాదు. ఓస్వాల్డ్ రూఫైజెన్ పోలెండులో యూదు తల్లిదండ్రులకు పుట్టాడు, నాజీల కాలంలో తన ప్రాణాన్ని పణంగా పెట్టి మీర్ పట్టణంలో ఎందరో యూదులను తప్పించాడు, ఆ తరువాత కాథలిక్ సన్యాసి అయ్యాడు. యూదుడిగా పౌరసత్వం కావాలని ఆయన అడిగితే 1962లో సుప్రీంకోర్టు కుదరదన్నది. హలాఖా ప్రకారం యూదు తల్లి బిడ్డ ఏ మతంలోకి వెళ్లినా యూదుడే, అయినా లౌకిక న్యాయస్థానం వద్దన్నది! ఎనిమిదేళ్ల తరువాత షలిత్ అనే నౌకాదళ అధికారి, యూదు కాని భార్యకు పుట్టిన తన పిల్లలను జనాభా పట్టీలో యూదులుగా నమోదు చేయాలని పోరాడి అయిదుగురు న్యాయమూర్తుల మద్దతుతో, నలుగురి అసమ్మతి మీద గెలిచాడు. వెంటనే 1970లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, యూదు తల్లికి పుట్టినవారు లేదా మతం స్వీకరించినవారు, వేరే మతంలో లేనివారు యూదులని రాసింది, అదే సవరణలో మనవలదాకా తిరిగివచ్చే హక్కునూ ఇచ్చింది. ఇప్పుడు ఆ మనవల నిబంధనను తీసివేయాలని 2022 ఎన్నికల తరువాత మతపక్షాలు పట్టుబడుతున్నాయి. మరోవైపు, ఇజ్రాయెల్ లోపల, సంప్రదాయవాదులైన ఆర్థడాక్సు వర్గం కంటే ఉదారమైన రిఫార్మ్, కన్జర్వేటివ్ శాఖల రబ్బీలు జరిపిన మతస్వీకారాలు పౌరసత్వానికి చెల్లుతాయని 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పదహారేళ్లు నలిగిన ఆ వ్యాజ్యం గెలిచినవారికి కూడా పెళ్లి దగ్గరికి వచ్చేసరికి రబ్బీల తలుపు మూసే ఉంది.

ఆ తలుపు దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలబెట్టింది నల్లనివారినీ తూర్పువారినీ అన్నది నేను కల్పించిన ఆరోపణ కాదు. కొంకణ తీరంలో నూనె గానుగలు ఆడిస్తూ శనివారం పని ఆపినందుకు శనివారపు తెలికలని పేరు తెచ్చుకున్న బెనె ఇజ్రాయెల్ వాళ్లు అక్కడికి వెళ్లాక, ఇతర యూదులతో పెళ్లి చేసుకోవాలంటే ముందు వారి వంశాన్ని పరీక్షించాలని 1960ల మొదట్లో అక్కడి రబ్బీల అత్యున్నత పీఠమైన ప్రధాన రబ్బినేట్ ఆదేశించింది. వారు జెరూసలేంలో బైఠాయించి పోరాడితే 1964లో గానీ అది వెనక్కి తగ్గలేదు. ఇథియోపియా యూదులు యూదులేనని రబ్బీ ఒవాదియా యోసెఫ్ 1973లోనే చెప్పాడు, అయినా సూడాన్ మీదుగా ప్రాణాలకు తెగించి వచ్చినవారిని 1985లో, కొత్తగా మతం స్వీకరించేవారిలా మళ్లీ మడుగులో మునగమన్నారు, వారు వీధికెక్కారు. 1996లో వారు దానం చేసిన రక్తాన్ని రహస్యంగా పారబోస్తున్నారని బయటపడింది. మన కొచ్చిలోనూ ఇదే వాసన: మట్టాంచేరిలో 1568 నాటి పరదేశి సినగాగ్‌లో, దాసత్వం నుంచి విడుదలైనవారి సంతతికి సమాన స్థానం ఉండేది కాదు. ఆ సంతతిలో పుట్టి న్యాయవాది అయిన అబ్రహాం బరాక్ సాలెం అక్కడ గాంధీ పద్ధతిలో సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. కులం గాలిలో పెరిగిన ఏ మతానికైనా ఆ తెగులు సోకుతుందనడానికి ఇంతకంటే దృష్టాంతం అక్కర్లేదు.

రబ్బీల భయం పూర్తిగా నిరాధారమని మాత్రం అనను. ప్రపంచమంతటా యూదులు కోటిన్నర దాటి కొద్దిగా ఉంటారు, రెండో ప్రపంచ యుద్ధానికి ముందున్న సంఖ్య ఇప్పటికీ పూడలేదు. అమెరికాలో 2010 తరువాత పెళ్లయిన యూదుల్లో నూటికి అరవైమందికి పైగా యూదేతరులను చేసుకున్నారని ప్యూ అనే అమెరికన్ పరిశోధన సంస్థ 2020 నాటి సర్వే చెప్పింది. అక్కడి రిఫార్మ్ రబ్బీలు 1983లోనే, యూదుడిగా పెరిగితే తండ్రి వైపు నుంచి వచ్చిన బిడ్డ కూడా యూదుడేనన్నారు, ఆర్థడాక్సు వర్గం ఒప్పుకోలేదు. దీని ఫలితంగా ఒక శాఖ యూదుడు మరో శాఖకు యూదుడు కాని స్థితి వచ్చింది. చిన్న ఊరికి గట్టు కావాలన్న తపన అర్థం చేసుకోదగ్గదే, కాకపోతే గట్టు మీద కూర్చున్న కాపలాదారు ఎవరి రంగు చూసి ఎవరిని ఆపుతున్నాడన్నది వేరే ప్రశ్న.

ఇంతకీ వారి సంప్రదాయం రక్తాన్ని అంతగా పట్టించుకుందా? మతం స్వీకరించడానికి వచ్చినవాణ్ణి, ఇశ్రాయేలీయులు ఈనాడు బాధలుపడుతున్నారని, తరుమబడుతున్నారని నీకు తెలియదా అని అడగాలి, తెలుసు, అయినా నేను అర్హుణ్ణి కాను అని అతడంటే వెంటనే చేర్చుకోవాలి అని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తల్మూదు చెబుతుంది. పన్నెండో శతాబ్దంలో ఓబద్యా అనే నవయూదుడు, మా పితరుల దేవా అని ప్రార్థించవచ్చా, నా పితరులు యూదులు కారు కదా అని ఆ కాలపు గొప్ప యూదు పండితుడు మైమోనిడీస్‌ను అడిగితే, నిస్సంకోచంగా అను, నీకూ అబ్రాహామే తండ్రి అని ఆయన జవాబు రాశాడు. దావీదు రాజు ముత్తవ్వ రూతు మోయాబీయురాలు. అన్నిటికంటే నాకు వింతగా తోచేది ఎఫ్రాయిము కథే: యోసేపుకు ఎఫ్రాయిము, మనష్షేలను కన్న ఆసెనతు ఐగుప్తులో ఓను పట్టణపు యాజకుని కూతురు. ఈనాటి తల్లి నియమాన్ని వెనక్కి నడిపిస్తే ఆ ఇద్దరు గోత్రకర్తలే దరఖాస్తు తిరస్కరణకు గురయ్యేవారు. ఆ ఇబ్బంది పాత వ్యాఖ్యాతలకూ తెలుసు కాబట్టే ఆమె నిజానికి యాకోబు కూతురు దీనా బిడ్డ అని ఒక కథ అల్లారు. అయినా ప్రతి శుక్రవారం సాయంత్రం యూదు తండ్రులు కొడుకుల తలమీద చేయి పెట్టి దేవుడు నిన్ను ఎఫ్రాయిములా, మనష్షేలా చేయుగాక అనే దీవిస్తారు.

అందుకే అంటున్నాను, పోయిన గోత్రాల కథ ఈ తెలుగు కుటుంబాలు చెప్పుకోవలసిన అవసరం మతం వల్ల కలగలేదు, తలుపు దగ్గర అడిగే కాగితం వల్ల కలిగింది. వంశం చూపిన బ్నే మెనాషేను 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ పోయిన గోత్రపు సంతతిగా గుర్తించాడు, అయినా లాంఛనంగా మతం స్వీకరించాలన్న షరతు తీయలేదు. కొత్తరెడ్డిపాలేనికి ఆ గుర్తింపు కూడా లేదు.

ఒక్క విషయం ఇక్కడే చెప్పకపోతే నా మాటలో నిజాయతీ ఉండదు. ఇరవై ఏడు శతాబ్దాల కిందటి పూర్వీకుల పేరు మీద ఒకరికి ఆ నేల మీద హక్కు పుట్టడం, 1948లో ఇల్లు వదిలిన ఏడు లక్షల పాలస్తీనీయుల పిల్లలకు తాత ఇంటి తాళంచెవి చేతిలో ఉన్నా అది పుట్టకపోవడం నాకు మింగుడుపడదు. బ్నే మెనాషేలో తొలుత వెళ్లిన కొందరిని వెస్ట్ బ్యాంక్‌లోని కిర్యత్ అర్బా వంటి ఆక్రమిత స్థావరాల్లో దింపారు. పేదవారి భక్తిని జనాభా లెక్కల రాజకీయానికి వాడుకునేవారు ఉన్నారు. ఆ నేరం వాడుకున్నవారిది.

ఇక టికెట్టు మాట. 1950 జూలై 5న ఇజ్రాయెల్ పార్లమెంటు తిరిగివచ్చే హక్కు చట్టం చేసింది, అదే ఏడాది ఆగస్టు 10న ఢిల్లీలో రాష్ట్రపతి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వెలువడింది. హిందువులకే పరిమితమైన ఆ ఉత్తర్వులో 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు, యూదుల ఊసు లేదు. కొత్తరెడ్డిపాలెం మాదిగ తన ఆచారాన్ని చూపితే, ఆచారం చాలదు, పుట్టుక చూపించు అంటుంది జెరూసలేం. తన పుట్టుకను చూపితే, పుట్టుక చాలదు, మతం చూపించు అంటుంది ఢిల్లీ. తాను యూదుణ్ణని కాగితం మీద రాసిన రోజున అతని రిజర్వేషను పోతుంది, విమానం మాత్రం రాదు. మూడు దశాబ్దాలు దాటినా ఆ సమూహాన్ని తీసుకువెళతామని ఇజ్రాయెల్ నుంచి ఒక్క నిర్ణయం వెలువడలేదు. లాభం కోసమే ఈ పని చేశారని నవ్వినవాళ్లు ఆ లాభమేమిటో నాకు లెక్కగట్టి చూపించండి, వ్యాఖ్యల్లో ఎదురుచూస్తాను.