సేవకు సిద్ధమే... బుధవారం ఎవరొస్తారు?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున సేవ చేసేవాళ్లకు కొదవ లేదు. చెరువు గట్ల మీద ప్లాస్టిక్ ఏరేవాళ్లు, మొక్కలు నాటేవాళ్లు, ఫ్లైఓవర్ల కింద అన్నం ప్యాకెట్లు పంచేవాళ్లు, కంపెనీ పేరున్న టీషర్టులు వేసుకుని సర్కారు బడి గోడలకు రంగులేసేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వారమంతా ఐటీ కారిడార్ ట్రాఫిక్‌లో నలిగి, దొరికిన సెలవును ఊరి కోసం ఇచ్చేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ ఈ నగరంలో మనిషి సాయం కోసం ఎదురుచూసే పనుల్లో చాలావరకు ఆదివారం జరిగేవి కావు. పరీక్షలు, ఆస్పత్రి ఓపీలు, బడులు, బ్యాంకులు అన్నీ వారం మధ్యలోనే నడుస్తాయి. మనం ఒక రోజు వెళ్తున్నాం, పని ఇంకో రోజు ఉంటోంది. ‘మా ఏరియాలో వాలంటీర్‌గా ఏం చేయొచ్చు’ అని అడిగేవారికి సరైన దారి దొరక్కపోవడానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం.

చూపు లేని విద్యార్థుల పరీక్షల సంగతే తీసుకోండి. బేగంపేటలోని దేవనార్ లాంటి పాఠశాలల్లో చదువుకున్న పిల్లలు ఇంటర్, డిగ్రీ, పోటీ పరీక్షల దాకా వస్తున్నారు. అక్కడ వాళ్ల తరఫున రాయడానికి స్క్రైబ్ కావాలి. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు స్క్రైబ్ నాలుగు గంటలు కూర్చోవాలి.

ఆ నాలుగు గంటల్లో చేసే పని బయట చాలామందికి తెలియదు. ప్రశ్నపత్రం రాగానే మొదటి నుంచి చివరిదాకా గొంతు తగ్గించి చదవాలి. ఏ సెక్షన్‌లో ఎన్ని రాయాలి, ఛాయిస్ ఎక్కడుంది, దేనికి ఎన్ని మార్కులు అన్నీ చెప్పాలి. ‘మూడోది ముందు రాద్దాం అక్కా’ అంటాడు విద్యార్థి. ఇక అతను చెప్పింది చెప్పినట్టు రాయాలి. తప్పని తెలిసినా దిద్దకూడదు, తెలిసిన పాయింటైనా అందించకూడదు. పేరా అయ్యాక చదివి వినిపించాలి. నాలుగు లైన్ల ముందు చెప్పిన వాక్యం కొట్టేయమంటే అదెక్కడుందో వెతికి కొట్టేయాలి. అతను ఆలోచించుకుంటూ ఆగినప్పుడు మనమూ ఆగాలి, తొందరపెట్టకూడదు. చివరి అరగంటలో వేళ్లు పట్టేస్తాయి. అయినా అక్షరం చెడిపోకూడదు, ఎందుకంటే మార్కులు పడేది అతనికి.

ఇందులో ఇంకో చిక్కుంది. తెలుగు మీడియం విద్యార్థికి తెలుగును తప్పుల్లేకుండా, వేగంగా రాసేవాళ్లు కావాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన కుర్రాళ్లలో చాలామందికి తెలుగు చదవడం వచ్చినా, ఒత్తుల దగ్గర ఆగి ఆగి రాస్తే పేపర్ సగంలోనే టైమ్ అయిపోతుంది. పైగా స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువ ఉండాలన్న నిబంధన సాధారణంగా ఉంటుంది. ఎంత తక్కువన్నది పరీక్షను బట్టి మారుతుంది కాబట్టి ముందే కనుక్కోవాలి. ఈ లెక్కన డిగ్రీ పరీక్ష రాయడానికి రిటైరైన ప్రొఫెసర్‌కు వీలుపడదు. ఇంటర్‌తో చదువు ఆపేసి, పెళ్లయి, ఇల్లు చూసుకుంటున్న మహిళకు వీలవుతుంది. పిల్లల్ని బడికి పంపాక ఒక పూట కుదుర్చుకోగలిగితే, చిన్నప్పుడు పలక మీద దిద్దిన చక్కటి దస్తూరి ఉంటే, ఈ పనికి ఆమెను మించినవాళ్లు లేరు. ‘నేను చదివింది ఇంటరే, నాతో ఏమవుతుంది’ అనుకుంటూ ఆమె మన పక్క ఫ్లాట్‌లోనే ఉంటుంది. ఆమెకు ఈ కబురు చెప్పేవాళ్లే లేరు. ఇక ప్రొఫెసర్ గారు ఇంట్లో కూర్చునే పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి పంపొచ్చు. ఆ అవసరం కూడా తక్కువేం కాదు.

రక్తం విషయంలోనూ ఇబ్బంది క్యాలెండర్ దగ్గరే వస్తోంది. తలసేమియా మేజర్ అనే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. 1998లో మొదలైన తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ మన నగరంలోనే ఉంది. దానంగా వచ్చిన ఎర్ర రక్తకణాలు 42 రోజులకు మించి నిల్వ ఉండవు, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. కాబట్టి జనవరిలో పెద్ద క్యాంపు పెట్టి మే నెలకు దాచుకోవడం కుదరదు. మన దగ్గర రక్తదాన శిబిరాలు ఎక్కువగా కాలేజీల్లో, నాయకుల పుట్టినరోజుల్లో, జాతీయ పండుగలప్పుడు జరుగుతాయి. ఏప్రిల్, మే వచ్చేసరికి కాలేజీలకు సెలవులు, హాస్టళ్లు ఖాళీ. ఎండకు భయపడి మిగతావాళ్లు బయటికి రారు. పిల్లల ఒంట్లో హిమోగ్లోబిన్ మాత్రం సెలవులు చూసుకుని తగ్గదు.

దీనికి మందు మన అపార్ట్‌మెంట్ స్థాయిలోనే ఉంది. 18 నుంచి 65 ఏళ్లలోపు, 45 కిలోలకు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉండి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి ఇవ్వొచ్చు. ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఇచ్చేవాళ్లందరినీ ఒకే ఆదివారం క్యాంపులో కూర్చోబెట్టే బదులు మూడు నాలుగు జట్లుగా విడదీసి, నెలకో జట్టు బ్లడ్ సెంటర్‌కు వెళ్లేలా చూసుకోవచ్చు. ఒంటరిగా ఇచ్చే మగవాళ్లు ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ అని పెట్టుకుంటే కొరత ఉండే మే నెలలో వాళ్ల వంతు వస్తుంది. ఇచ్చే రక్తం అంతే, దొరికే రోజు మారుతుంది.

ఇంతకీ ఇలాంటి పనులు మన కంటికి ఎందుకు ఆనవు? సేవ అనగానే ముందు సంస్థను వెతుకుతాం. ఫోన్‌లో చూస్తే పేరున్న నాలుగు సంస్థలే కనిపిస్తాయి. వాటికి వందల మెసేజ్‌లు వెళ్తాయి, జవాబిచ్చే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. బస్తీలో ఇద్దరు మనుషులతో నడిచే ట్యూషన్ సెంటర్‌కు మాత్రం ఒక్క ఫోనూ రాదు. సంస్థల వైపూ లోపముంది. ‘మాతో చేతులు కలపండి’ అని పోస్టర్ పెడతారు కానీ, ఏ రోజు, ఏ టైమ్‌కు, ఏం వచ్చినవాళ్లు కావాలో చెప్పరు. దాంతో 40 మంది ఒకేసారి వస్తారు, వాళ్లకు పని చూపించడమే అక్కడివాళ్లకు ఓ పనవుతుంది.

పనిని ముందు వెతకడం మేలు. ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు సర్కారు బడి హెడ్‌మాస్టర్, అంగన్‌వాడీ టీచర్, బస్తీ దవాఖానా నర్సు ఉంటారు. 2018 నుంచి మొదలైన ఈ బస్తీ దవాఖానాలు ఇప్పుడు చాలా కాలనీలకు దగ్గర్లోనే ఉన్నాయి. వీళ్లను కలిసి ‘వారంలో రెండు గంటలు రాగలను, ఏం కావాలి’ అని అడగాలి. హెడ్‌మాస్టర్ కంప్యూటర్లు అడుగుతారని మనం అనుకుంటాం. ఆయన పదో తరగతి పిల్లల్ని సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి లెక్కలు చేయించే మనిషిని అడగొచ్చు, లేదా స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లో నింపిపెట్టమనొచ్చు. వినడానికి చప్పగా ఉంటుంది. ఫారం తిరస్కారమైతే ఏడాది డబ్బు పోయే పిల్లకు అదే పెద్ద సాయం.

పెద్దాస్పత్రుల్లో ఈ చప్పటి పని ఎంత పెద్దదో గంటసేపు నిలబడితే అర్థమవుతుంది. గాంధీ, ఉస్మానియా, నిలోఫర్, రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి... వీటికి జిల్లాల నుంచి జనం వస్తారు. నారాయణఖేడ్‌లో బస్సెక్కి వచ్చిన ముసలమ్మ చేతిలో ఎక్స్‌రే కవరు, కొంగు ముడిలో ఆధార్ జిరాక్స్. ఓపీ చీటీ ఎక్కడ రాయించాలి, ఆరోగ్యశ్రీ వాళ్లు ఎక్కడ కూర్చుంటారు, రక్తం శాంపిల్ ఏ అంతస్తులో ఇవ్వాలి, రిపోర్ట్ ఎప్పుడొస్తుంది, ఇవేవీ ఆమెకు తెలియవు. గోడ మీద బాణం గుర్తులున్నా చదువు రాదు. తోడొచ్చిన మనవడికి పదేళ్లు. ఓపీ టైమ్ దాటిందంటే రాత్రికి ఆవరణలోనే తలదాచుకోవాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. ఆ 10 లక్షలకూ ఆమెకూ మధ్య ఉన్నది మూడు కౌంటర్ల దూరం. ఆ దూరం వెంట నడిచేవాళ్లు కావాలి. తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ మాట్లాడే హైదరాబాదీలకు ఇంతకన్నా సరిపోయే పని ఏముంటుంది? సూపరింటెండెంట్ అనుమతి తీసుకుని, గుర్తింపు కార్డు వేసుకుని, మందుల గురించి నోరెత్తకుండా, దారి మాత్రం చూపించాలి.

అపార్ట్‌మెంట్ గేటు దాటనక్కర్లేని పనులూ ఉన్నాయి. సైనిక్‌పురిలోనో మారేడ్‌పల్లిలోనో పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్లకు నవంబర్ వచ్చిందంటే టెన్షన్, పెన్షన్ ఆగకుండా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇప్పుడు ఫోన్‌తో ముఖం చూపించి కూడా ఆ పని చేయొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఒక కాలేజీ కుర్రాడు రెండు సాయంత్రాలు అసోసియేషన్ ఆఫీసులో కూర్చుంటే అందరిదీ అయిపోతుంది. అందరి ముందూ చేయాలి, ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డ్ జోలికి పోకూడదు. మోసపోయిన పెద్దవాళ్ల వార్తలు రోజూ చూస్తున్నాం కాబట్టి ఈ జాగ్రత్త తప్పదు.

కొన్నిటికి శిక్షణ కావాలి. 1995 నుంచి నడుస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి కాపాడుతున్నారు. అది నేర్చుకోకుండా చేసే పని కాదు.

పిల్లల హోమ్‌ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పుట్టినరోజుకు వెళ్లి కేక్ కోసి, పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు దిగి స్టేటస్‌లో పెట్టడం మామూలైపోయింది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు మీడియాలో బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. చట్టాన్ని పక్కన పెట్టినా, వారానికో కొత్త ముఖం వచ్చి ముద్దుచేసి మళ్లీ కనబడకపోతే ఆ పిల్లల మనసుకు ఏమవుతుందో ఆలోచించాలి. ప్రతి గురువారం వచ్చి ఇంగ్లిష్ చదివించే ఒకే అన్న, ఒకే అక్క వాళ్లకు కావాలి.

ఈ నగరంలో నిలిచిన సేవ ఎప్పుడూ రోజువారీదే. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లు నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో తెలుగువాళ్లకో చదువుకునే చోటు ఏర్పాటు చేశారు. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ ఆ తర్వాత దళిత పిల్లలకు బడులు నడిపారు. గ్రంథాలయం తలుపు రోజూ తెరవాలి, బడి గంట రోజూ కొట్టాలి. మన కాలంలో అజర్ మక్సూసీ 2012 నుంచి డబీర్‌పురా ఫ్లైఓవర్ కింద ఆకలిగొన్నవాళ్లకు రోజూ అన్నం పెడుతున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరైన గంగాధర్ తిలక్ కట్నం, ఆయన భార్య తమ పెన్షన్ డబ్బుతో రోడ్ల మీద గుంతలు పూడ్చి పేరు తెచ్చుకున్నారు. గుంతలు పూడ్చాల్సింది నగరపాలక సంస్థ కదా అంటే నిజమే. ఆ ప్రశ్న అడుగుతూనే ఉండాలి, ఈలోపు బైక్ మీద వెళ్లే కుర్రాడు పడకుండానూ చూడాలి.

కాలేజీలు, కంపెనీలు తలచుకుంటే వారం మధ్య కొరత చాలావరకు తీరుతుంది. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి. ఆ గంటలు ర్యాలీలకు, మొక్కలు నాటడానికే ఎక్కువగా పోతున్నాయి. తెలుగు బాగా రాసేవాళ్లు ఎవరు, ఉర్దూ వచ్చినవాళ్లు ఎవరు, ఎవరికి ఏ పూట క్లాసులుండవు అన్న జాబితా ప్రతి యూనిట్ దగ్గరా ఉంటే, స్క్రైబ్ కావాలని ఫోన్ వచ్చినప్పుడు అరగంటలో మనిషి దొరుకుతాడు. కంపెనీల విషయానికొస్తే, ఏడాదికో రోజు ఉద్యోగులందరినీ బస్సుల్లో ఒకే చోటికి తీసుకెళ్లే పద్ధతి మార్చుకోవాలి. ఆ ఒక్క రోజునే రెండు పూటలుగా విడగొట్టి, ఎవరికి కుదిరిన పనిరోజున వాళ్లు వాడుకోనివ్వాలి. వెయ్యి మంది ఉన్న కంపెనీలో అందరూ వాడుకుంటే ఏడాదికి 2,000 పూటలు. 250 పనిదినాలకు పంచితే రోజుకు ఎనిమిది మంది వస్తారు. సగం మందే ముందుకొచ్చినా, ఒక పెద్దాస్పత్రి ఓపీ దగ్గర దారి చూపించడానికి ఏడాది పొడవునా రోజూ నలుగురు ఉంటారు.