కదిలే ఇంప్లాంట్‌కు మాత్ర పొడి రుద్దకండి

ఆ వాట్సాప్ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది. ఈ వారంలో నాలుగోసారి. కాలనీ గ్రూపులో ఒకరు, కాలేజీ గ్రూపులో ఇద్దరు, నిన్న రాత్రి స్వయానా మా బావగారు. "పంటి ఇంప్లాంట్ పెట్టించుకున్నారా? కొలెస్ట్రాల్ మాత్ర పొడి చేసి కొబ్బరినూనెలో కలిపి రోజుకు మూడుసార్లు చిగురుకు రుద్దండి. 15 రోజుల్లో ఎముక పట్టేస్తుంది. కదిలే ఇంప్లాంట్ కూడా బిగుస్తుంది. డాక్టర్లు ఇది చెప్పరు."

డాక్టర్లు దాస్తున్నారన్న మాట ప్రతి ఫార్వర్డ్‌లోనూ ఉండేదే, వదిలేద్దాం. 15 రోజులన్నది అబద్ధం. ఇంప్లాంట్ అంటే పోయిన పంటి చోట దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. దానికి ఎముక పట్టాలంటే మామూలుగా కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలల దాకా పడుతుంది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఇది పూర్తిగా గాలి కబురు కాదు. స్టాటిన్ మందులు, అంటే ఈ కొలెస్ట్రాల్ మాత్రలే, ఎముక పెరుగుదలకు తోడ్పడతాయని 1999లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. మింగితే చాలా భాగం కాలేయమే పట్టేసుకుంటుంది కాబట్టి జెల్‌గా నేరుగా ఎముక దగ్గరే పెట్టి చూస్తున్నారు. కానీ ఆ జెల్ పెట్టేది సర్జరీ టైంలో, ఎముకలో చేసిన రంధ్రంలో, కొలిచిన మోతాదులో. చిగురు మీద రుద్దిన పొడి ఉమ్మితో కలిసి కడుపులోకి పోతుంది.

నాకు కోపం తెప్పించింది "కదిలేది బిగుస్తుంది" అన్న మాట. మలక్‌పేటలో మా పిన్ని ఇంప్లాంట్ పెట్టించుకున్న వారానికే ఈ వైద్యం మొదలుపెట్టింది. నోరు తెరిస్తే కుట్ల దారం మీద తెల్లటి పేస్టు గడ్డకట్టి ఉంది, పక్కన చిగురు ఉబ్బింది. ఇంప్లాంట్ కదులుతున్నా, ఇంకా రుద్దాలేమో అనుకుని మూడు వారాలు ఆగింది. నొప్పి లేదు కదా, టెన్షన్ పడలేదు. చివరికి తీసేయాల్సి వచ్చింది.

మన సొంత పన్ను వేరుకూ ఎముకకూ మధ్య మెత్తటి పొర ఉంటుంది. అందుకే కదిలే పన్ను ఒక్కోసారి మళ్లీ గట్టిపడుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. టైటానియంకు ఎముక నేరుగా అతుక్కోవాలి. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ప్రొఫెసర్ మొదటి రోగికి పెట్టినప్పటి నుంచీ ఈ వైద్యం నిలబడింది దానిమీదే. గాయం మానే రోజుల్లో వేలితో రోజూ కదిలిస్తే ఎముక రావాల్సిన చోట మెత్తటి కండ వస్తుంది. నూనె రాస్తే సర్దుకోవడానికి అది తలుపు బందు కాదు! ఒక్కోసారి ఇంప్లాంట్ గట్టిగానే ఉండి పైన క్యాప్‌ను పట్టి ఉంచే స్క్రూ వదులవుతుంది, బిగిస్తే సరిపోతుంది. ఏది కదులుతోందో డాక్టర్ చూసి చెప్పాలి, వెంటనే చూపించుకోండి. ప్రైవేటులో ఖర్చని భయమైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది.

బావగారూ, అత్తయ్యగారికి పోయిన నెలే కదా ఇంప్లాంట్ పెట్టించారు. ఆ కొలెస్ట్రాల్ మాత్ర ఆవిడ గుండె కోసం డాక్టర్ రాసింది. పొడి చేయకుండా రోజూ వేసుకోనివ్వండి.