వాలీబాల్ ప్రాక్టీసులో ఆటలు వద్దట!

సమ్మర్ క్యాంపులు మొదలయ్యాయో లేదో, ఆ మెసేజ్ మళ్లీ బయల్దేరింది. ప్రాక్టీసులో సరదా పోటీలు పెడితే క్రమశిక్షణ పోతుందట, లైన్లో నిలబెట్టి డ్రిల్స్ చేయిస్తేనే ఆట వస్తుందట, సర్వీస్ పోగొట్టిన పిల్లాడితో రౌండ్లు కొట్టించాలట, జపాన్ ఇలాగే గెలిచిందట. పీటీ సార్ల గ్రూపులో వచ్చింది, పాత టీమ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా వచ్చింది. దండం బొమ్మ పెట్టేవాళ్లే తప్ప ఇదేమిటని అడిగినవాళ్లు లేరు.

"వాలీబాల్ సరదాకి పుట్టిన ఆట కాదు" అన్నది మొదటి మాట. సరిగ్గా సరదాకే పుట్టింది. 1895లో అమెరికాలోని హోలియోక్ ఊళ్లో, వైఎంసీఏలో పనిచేసే విలియం మోర్గాన్, బాస్కెట్‌బాల్ పరుగులు తట్టుకోలేని నడివయసు వ్యాపారుల కోసం దీన్ని తయారుచేశాడు. ఎంతమందైనా ఆడొచ్చు, బంతిని ఎన్నిసార్లయినా తాకొచ్చు. అవీ అప్పటి రూల్స్.

ఇక జపాన్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జపాన్ అమ్మాయిలు స్వర్ణం గెలిచారు, నిజమే. కోచ్ దైమాత్సు వాళ్లను అర్ధరాత్రి దాకా నేల మీద దొర్లించాడు, అదీ నిజమే. వాళ్లలో ఎక్కువమంది ఒక బట్టల మిల్లులో ఉద్యోగం చేస్తూ ఆ మిల్లు జట్టుకి ఆడేవాళ్లు, కెప్టెన్‌కి 31 ఏళ్లు. మన ముందున్నది ఏడో తరగతి పిల్లలు.

లైన్ డ్రిల్ సంగతి లెక్కేసి చూడండి. ఇరవై మంది పిల్లలు, సారు చేతిలో ఒక బంతి, ఒక్కొక్కరికి ఆరు సెకన్లు. అంటే ఒకసారి బంతి తాకిన పిల్లకి మళ్లీ వంతు వచ్చేది రెండు నిమిషాల తర్వాత. ఈలోగా ముందున్న పిల్ల జడ లాగుతుంది. అదే కోర్టు మీదుగా నిలువునా ఒక తాడు కట్టి, చిన్న చిన్న కోర్టులుగా విడగొట్టి, ముగ్గురు ముగ్గురిని ఆడించండి. ముగ్గురూ బంతి తాకి అవతలికి పంపితేనే పాయింటు అనండి. పాస్ (వచ్చిన బంతిని అందుకోవడం), లిఫ్టింగ్ (షాట్‌కి వీలుగా ఎత్తి పెట్టడం), షాట్ (అవతలికి కొట్టడం) మూడూ అందులోనే ఉన్నాయి. ఉన్న రెండు మూడు బంతులతోనే పని జరుగుతుంది.

"ఆటలు పెడితే పిల్లలు అరుస్తారు." అరవనివ్వండి. "నాది" అని అరవని ఇద్దరి మధ్యే బంతి నేల మీద పడేది.

నాకు నిజంగా ఒళ్లు మండేది ఆ సర్వీస్ పాయింటు దగ్గర. ఒక సర్వీస్ నెట్‌కి తగిలి ఆగిపోతే పది రౌండ్లు, "భయం ఉంటేనే గురి కుదురుతుంది" అని పైగా ఒక సూక్తి. ర్యాలీ పాయింట్ (సర్వీస్ ఎవరిదైనా బంతి గెలిచినవాళ్లకే పాయింటు) వచ్చాక సర్వీస్ పోతే నేరుగా అవతలివాళ్లకి పాయింటే, ఒప్పుకుంటాను. అయితే రౌండ్లకి జడిసిన పిల్లాడు ఏం చేస్తాడు? బంతిని మెల్లగా, ఎత్తుగా, తల నిమిరినట్టు అవతలికి పంపుతాడు. వాళ్లు హాయిగా పాస్ చేసి, లిఫ్ట్ చేసి, మన మొహాన షాట్ కొడతారు. నెట్ దాటింది కాబట్టి సారు సంతోషం. తల మీదుగా కొట్టే ఓవర్‌హెడ్ సర్వీస్ నేర్చుకోవాల్సిన వయసులో వాడు కింద నుంచి కొట్టే అండర్‌హ్యాండ్ దగ్గరే ఆగిపోతాడు, ఎందుకంటే కొత్తది ప్రయత్నిస్తే తప్పు పడుతుంది, తప్పు పడితే మండుటెండలో పరుగు. పరుగంటే శిక్ష అని కూడా నేర్పేశాం కాబట్టి ఫిట్‌నెస్ కోసం పరిగెత్తమన్నా మొహం మాడ్చుకుంటాడు. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు, సెభాష్!

ఒత్తిడి కావాలంటే స్కోరు ఉంది కదా. 25 పాయింట్ల సెట్‌ని 22–22 నుంచి మొదలుపెట్టండి. వెనక మూలల్లో పాత టైర్లు పడేసి, అందులో పడిన సర్వీస్‌కి రెండు పాయింట్లు, ఊరికే కోర్టులో పడితే ఒకటి, బయటికి పోతే సున్నా అనండి. ఆ పిల్లాడి చెయ్యి అప్పుడూ వణుకుతుంది, కానీ వణికేది మ్యాచ్‌లో వణికినట్టు, సారుని చూసి కాదు.

మధ్యలో నీళ్లు ఇవ్వొద్దని కూడా రాశారు. మే నెలలో! దీనికి జవాబు రాయడం కూడా దండగ. నీళ్లివ్వండి.

ఇంత తిట్టాక, ఆ రాసినాయన అడగని పాయింటు ఒకటి ఇచ్చేస్తాను. ప్రాక్టీసులో ఎక్కువమంది పెట్టే ఆట "గెలిచినవాళ్లు కోర్టులో ఉండాలి, ఓడినవాళ్లు బయటికి." చూడ్డానికి భలే ఉంటుంది. గంట గడిచేసరికి బాగా ఆడేవాళ్లు ఆడుతూనే ఉంటారు, ఆట రానివాళ్లు గట్టున కూర్చుని ఇసుక పోసుకుంటుంటారు. ప్రాక్టీసు ఎవరికి కావాలో వాళ్లకే దొరకదు. ఇలాంటి ఆట కంటే లైన్ డ్రిల్లే నయం, కనీసం వంతు వస్తుంది. ఆటే పెట్టాలనుకుంటే ఓడినవాళ్లను కూర్చోబెట్టకుండా పక్క కోర్టుకి మార్చండి. పక్క కోర్టు లేకపోతే గోడ దగ్గరికి పంపండి, నలభై పాస్‌లు కొట్టి వెంటనే వెనక్కి రమ్మనండి.